పల్లీలు ఏరుతున్నారా? ఒక్క నిమిషం!

వేయించిన పల్లీలు నాలుగు నోట్లో వేసుకుని కబుర్లలో పడతాం. ఉన్నట్టుండి ఒక్క గింజ చేదుగా తగులుతుంది. మొహం చిట్లించి ఉమ్మేస్తాం. నోరు పుక్కిలించి మళ్లీ కబుర్లు మొదలు. ఆ చేదు గింజ గురించి మరి ఎవరూ ఆలోచించరు.

కానీ అలాంటి చెడ్డ గింజను పట్టుకోవడం కోసం ప్రపంచమంతటా శాస్త్రవేత్తలు, ఇంజనీర్లు అరవై ఏళ్లకు పైగా కష్టపడుతున్నారంటే నమ్ముతారా? దాని కోసం కళ్లున్న యంత్రాలు తయారు చేశారు, గాలి చొరని సంచులు కుట్టారు, రంగు మారితే విషం సంగతి చెప్పే పరీక్షలు కనిపెట్టారు. అయితే ఇన్ని యంత్రాలు చేసే పనిలో పెద్ద భాగం మీ చేతిలో ఉన్న చేట చేయగలదు. అదెలాగో చూద్దాం రండి.

బుడ్డల సీమ

గద్వాల పేరు చెప్పగానే మనకు చీర గుర్తుకొస్తుంది. నూలు ఒడలు, పట్టు కొంగు, జరీ అంచు! కానీ నూనె వ్యాపారికి గద్వాల, వనపర్తి, నాగర్ కర్నూల్ అనగానే గుర్తుకొచ్చేది పల్లి. పాత మహబూబ్ నగర్ జిల్లా నుంచి 2016 అక్టోబరు 11న ఈ మూడూ వేరు వేరు జిల్లాలయ్యాయి. జిల్లాలు మారినా చేను మారలేదు. ఎర్ర చల్కల్లో పల్లి అక్కడి పాత పంట. కర్నూలు, గద్వాల వైపు వీటిని బుడ్డలు అంటారు. హైదరాబాద్ లో పల్లీలు, కోస్తా వాళ్లకు వేరుశనగ కాయలు. పేరేదైనా గింజ ఒకటే. నూరు గ్రాముల గింజల్లో సుమారు 25 గ్రాముల మాంసకృత్తులుంటాయి. పేదవాడి బాదం అని ఊరికే అనలేదు.

తెలంగాణలో ఈ పంట ఎక్కువగా యాసంగిలో వస్తుంది. వానలు తగ్గాక విత్తుతారు, ఎండలు ముదరక ముందే పీకుతారు. బోరు నీళ్లో, జూరాల, నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి కాలువ నీళ్లో అందుతాయి. గింజ ముదిరేటప్పుడు నేలలో తడి ఉండి, చేను పీకాక పొడి ఎండ కాస్తే పల్లికి అంతకంటే మేలు లేదు. పాలమూరు పల్లికి మంచి పేరు రావడానికి ఈ వాతావరణం కూడా ఒక కారణం.

ఇక చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఆఖరి మూడు నాలుగు వారాల్లో బోరు ఎండిపోయినప్పుడు. కాయ నేలలోనే వేడెక్కుతుంది, పగుళ్లు వస్తాయి. ఆ పగుళ్లలోంచి మట్టిలో ఉన్న ఒక బూజు లోపలికి దూరుతుంది. పీకిన చేను మీద అకాల వర్షం పడినా, సరిగా ఆరని కాయను బస్తాలకెత్తినా ఆ బూజుకు పండుగే.

లక్ష టర్కీ కోళ్లు చనిపోయిన ఏడు

ఆ బూజు పేరు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్. పసుపు కలిసిన ఆకుపచ్చ రంగులో ఉంటుంది. మట్టిలో, గాలిలో ఎక్కడైనా ఉండేదే. దాని సంగతి లోకానికి తెలిసింది 1960లో. ఇంగ్లండులో ఆ ఏడు లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతుపట్టని జబ్బుతో చనిపోయాయి. ఏమిటా అని వెతికితే, వాటికి దాణాగా పెట్టిన పల్లి చెక్కలో దొరికింది కారణం. ఆ చెక్క బ్రెజిల్ నుంచి వచ్చింది. ఈ బూజు పుట్టించే విషానికి అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు.

అది కోళ్ల సంగతి కదా అనుకోకండి. 1974 చివర్లో మన దేశంలోనే రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు పల్లెల్లో కామెర్లలాంటి జబ్బు వచ్చి 397 మంది మంచాన పడ్డారు. వాళ్లలో 106 మంది చనిపోయారు. హైదరాబాద్ లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు వెళ్లి పరిశీలించారు. వానలకు తడిసి బూజు పట్టిన మక్కజొన్నలు తినడమే కారణమని తేలింది. వేరే తిండి లేక తిన్న గింజలవి.

అంత పెద్ద మోతాదులో తినే ప్రమాదం చాలా అరుదు. అసలు భయం వేరు. కొద్ది కొద్దిగా ఏళ్ల తరబడి ఒంట్లోకి వెళ్తే ఈ విషం కాలేయాన్ని దెబ్బ తీస్తుంది. మనుషులకు క్యాన్సర్ కలిగిస్తాయని గట్టిగా రుజువైన పదార్థాల జాబితాలో దీన్ని చేర్చారు. హెపటైటిస్ బి ఉన్నవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ. పిల్లలకు ఆ టీకా వేయించారో లేదో ఒకసారి చూసుకోండి.

వేయిస్తే పోదా?

"ఏం కాదులే వదినా, బాగా వేయిస్తే అన్నీ పోతాయి" అంటూ ఉంటారు కొందరు. బూజు చస్తుంది, నిజమే. కానీ అది అప్పటికే వదిలిన విషం చావదు. మన పొయ్యి వేడికి, కుక్కరు వేడికి అది లొంగదు. వేయిస్తే కాస్త తగ్గుతుందేమో కానీ పూర్తిగా పోదు. కడిగినా పోదు.

పోనీ పుచ్చు గింజలు పారేయడం ఎందుకని గేదె కుడితిలో కలుపుతారా? అదీ పొరపాటే. పశువు తిన్న విషంలో కొంత భాగం రూపం మార్చుకుని పాలలోకి వస్తుంది. పాలు కాచినా అది పోదు. చేటలోంచి పారేసిన గింజ పిల్లల గ్లాసులోకి తిరిగి వచ్చినట్టే కదా!

అందుకే ప్రభుత్వాలు దీనికి హద్దులు పెట్టాయి. మన దేశంలో నేరుగా తినే పల్లీలకైతే కిలోకు 10 మైక్రోగ్రాములు, ఇంకా శుద్ధి చేయవలసిన గింజలకైతే 15 దాటకూడదు. పాలకు ఇంకా గట్టి హద్దు, కిలోకు అర మైక్రోగ్రామే. ఐరోపా దేశాలు నేరుగా తినే పల్లీలకు 4 కంటే ఒప్పుకోవు. మైక్రోగ్రాము అంటే ఎంతో తెలుసా? కిలోకు 15 మైక్రోగ్రాములంటే, 66 టన్నుల పల్లీల్లో ఒక్క గ్రాము. పది టన్నుల లారీలు ఆరు నిండా గింజలు పోసి, ఆ మొత్తంలో చిటికెడు ఉప్పంత విషం కలిపినట్టు. అంత కొంచెమైతేనే సరి, దాటితే కుదరదు.

తడి చేసిన తంటా

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. బాగా ఎండిన పల్లికాయ చేత్తో ఒలిచి చూశారా ఎప్పుడైనా? పది కాయలకే బొటనవేలు మండుతుంది. ఒక ఎకరం విత్తడానికి 60 నుంచి 80 కిలోల గింజలు కావాలి. చేత్తో ఒలిస్తే గంటకు కిలో, మహా అయితే రెండు కిలోలు. గంటకు కిలోన్నర అనుకున్నా 60 కిలోలకు 40 గంటలు. ఒక మనిషి రోజుకు ఎనిమిది గంటలు కూర్చుంటే అయిదు రోజుల పని. ఆ కూర్చునేది ఎవరో మీకు చెప్పక్కరలేదు. పల్లెల్లో ఈ పని ఎక్కువగా ఆడవాళ్లదే.

వేళ్లు కాయలు కాసి, గోళ్లు విరిగి, ఓర్చుకోలేక చాలా చోట్ల ఒక చిట్కా చేస్తారు. కాయల మీద నీళ్లు చల్లి నానబెడతారు. తొక్క మెత్తబడి సులువుగా ఊడివస్తుంది. గింజ కూడా విరగదు. కానీ రోజుల తరబడి ఎండబెట్టి తీసేసిన తడి ఒక్క చెంబు నీళ్లతో తిరిగి వచ్చేస్తుంది. ఆ తడి గింజలను వెంటనే ఎండబెట్టకుండా మూట కడితే బూజు మొలకెత్తుతుంది.

తప్పు ఆ తల్లులదా? కానే కాదు. పొడిగా ఒలిచే సాధనం ఇంట్లో లేకపోవడం తప్పు. అందుకే పల్లి కాయ ఒలిచే యంత్రం కేవలం శ్రమ తగ్గించేది కాదు, విషాన్ని ఆపేది కూడా.

చిన్న మిషను, పెద్ద మేలు

దీని పనితనం చూస్తే ఆశ్చర్యమేస్తుంది, అంత సులువు! అర్ధచంద్రాకారంలో వంచిన ఒక జల్లెడ. దానిపైన ఉయ్యాలలా ఊగే ఒక పలక. పలక అడుగున చిన్న పళ్లు. పిడి పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపుతుంటే కాయలు జల్లెడకు రాసుకుని పగిలి, గింజా తొక్కా కిందికి రాలతాయి. చేటతో చెరిగితే తొక్క ఎగిరిపోతుంది. కరెంటు అక్కరలేదు. అయిదు రోజుల పని ఒక పూటలో అయిపోతుంది. జల్లెడ రంధ్రాలు కాయ లావును బట్టి మార్చుకోవాలి, లేకపోతే గింజలు ఎక్కువ విరుగుతాయి. విత్తనానికి వాడే ముందు విరిగినవి ఏరుకోవాలి.

1976లో భోపాల్ లో ఏర్పడిన కేంద్రీయ వ్యవసాయ ఇంజనీరింగ్ సంస్థ ఇలాంటి చేతి మిషన్లను ఆడవాళ్ల కోసమే ప్రత్యేకంగా తీర్చిదిద్దింది. అదేమిటి, మిషనుకు ఆడా మగా ఏమిటంటారా? ఉంది మరి! చాలా పనిముట్లు మగవాళ్ల ఎత్తుకు, వాళ్ల చేతి పట్టుకు తగినట్టు తయారయ్యాయి. అలాంటి పిడి ఊపితే ఆడవాళ్లకు భుజం, నడుము పట్టేస్తాయి. అందుకని దేశం నలుమూలలా రైతుకూలీ స్త్రీల ఎత్తు, చేతి పొడవు, పిడికిలి బలం కొలిచి, ఆ కొలతలతో పిడి ఎంత ఎత్తులో ఉండాలో, ఎంత బరువు ఉండాలో నిర్ణయించారు. నిలబడి నడిపేది ఒకటి, కూర్చుని నడిపేది ఒకటి చేశారు. చెట్ల నుంచి కాయలు తెంపడానికి కూడా దువ్వెన పళ్లలాంటి చట్రాలున్నాయి. నలుగురు చుట్టూ కూర్చుని గుప్పెడు చెట్లు దువ్వితే కాయలు రాలిపోతాయి.

మీ ఊరి మహిళా సంఘంలో నలుగురు కలిసి ఒక మిషను కొనుక్కుని వంతులవారీగా వాడుకోవచ్చు. నాగర్ కర్నూల్ జిల్లా పాలెంలో వ్యవసాయ పరిశోధనా స్థానం, కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. వనపర్తి జిల్లా మదనాపురంలో కూడా కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. మొహమాటపడకుండా వెళ్లి అడగండి. అవి ఉన్నదే అందుకు.

చేలోనే మొదలు

చేనున్న ఇల్లాలైతే ఈ మాటలు ఇంట్లో వాళ్ల చెవిన వేయండి. ఊడలు దిగే దశలో ఎకరానికి 200 కిలోల జిప్సం వేయమంటారు. దానివల్ల కాయకు సున్నం అంది తొక్క గట్టిపడుతుంది, బూజు చొరబడే దారి మూసుకుపోతుంది. పీకిన చెట్లను కాయలు పైకి, ఆకులు కిందికి ఉండేలా తిరగేసి ఆరబెడితే గాలి, ఎండ కాయకు నేరుగా తగులుతాయి. కాయను మట్టి నేల మీద కాకుండా టార్పాలిన్ మీద పోయాలి. గింజలో తడి నూటికి ఏడెనిమిది పాళ్లకు దిగాలి. కొలిచే పరికరం లేకపోయినా పరవాలేదు. కాయ ఊపితే గలగలమనాలి, గింజ కొరికితే టక్కున విరగాలి, వేళ్లతో రుద్దితే ఎర్రపొర ఊడాలి.

ఆ తర్వాత నిలవ. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు 1980ల చివర్లో ఆఫ్రికాలోని కామెరూన్ లో అలసందలు పురుగు పట్టకుండా ఉండడానికి మూడు పొరల సంచి తయారు చేశారు. లోపల రెండు ప్లాస్టిక్ సంచులు, పైన మామూలు నేత సంచి. మూతి బిగించి కడితే బయటి గాలి లోపలికి పోదు. లోపల ఉన్న కాస్త ప్రాణవాయువును పురుగులు వాడేసుకుని, ఇక అది లేక అవే చస్తాయి. మందు చల్లే పని లేదు. ఇప్పుడు ఇలాంటి సంచులు పల్లీలకు కూడా వాడుతున్నారు. అయితే బాగా ఎండిన గింజలే పోయాలి. తడి గింజ పోసి మూతి కడితే లాభం లేదు.

రంగు చెప్పే పరీక్ష

ఇంత చేశాక కూడా విషం ఉందో లేదో తెలిసేదెలా? కంటికి కనబడదు, ముక్కుకు తెలియదు. పాత పరీక్షలకు ఖరీదైన యంత్రాలు, ఎక్కువ డబ్బు కావలసి వచ్చేవి. 1972లో హైదరాబాద్ పక్కన పటాన్ చెరులో మొదలైన ఇక్రిశాట్ సంస్థ దీనికి చవకైన దారి చూపించింది. ఎలీసా అనే పరీక్ష అది. చిన్న చిన్న గుంతలున్న ప్లాస్టిక్ పలకలో గింజల పొడి నుంచి తీసిన ద్రవం వేస్తారు. అందులో వచ్చే రంగు చిక్కదనాన్ని బట్టి విషం ఎంతుందో తెలుస్తుంది. ఒక్కసారే చాలా నమూనాలు చూడవచ్చు. ఈ పరీక్ష ఆసరాతోనే ఆఫ్రికాలోని మలావీ రైతులు తమ పల్లీలను మళ్లీ ఐరోపాకు అమ్ముకోగలిగారు.

పెద్ద మిల్లుల్లో రంగును బట్టి గింజలు ఏరే యంత్రాలు వచ్చాయి. జారుతూ వచ్చే ప్రతి గింజనూ కెమెరాలు చూస్తాయి. రంగు తేడా ఉన్న గింజ కనబడగానే టప్పున గాలి ఊది పక్కకు నెట్టేస్తాయి. ఆలోచించండి, ఇది మన అమ్మమ్మలు చేటలో చేసిన పనే! దీని వెనక ఒక రహస్యం ఉంది. విషం బస్తా అంతటా సమంగా పరుచుకుని ఉండదు. ఎక్కడో కొన్ని గింజల్లో కుప్పపడి ఉంటుంది. అవి తరచు ముడుచుకున్నవో, రంగు మారినవో, బూజు పట్టినవో, పురుగు కొట్టినవో అయి ఉంటాయి. వాటిని ఏరేస్తే విషంలో చాలా భాగం పోయినట్టే.

తొక్క కూడా వృథా కాదు

ఇంత చెప్పాక తొక్క సంగతి చెప్పకపోతే ఎలా? కాయలు ఒలిచాక మిల్లుల దగ్గర గుట్టలు పడే తొక్కను మామూలుగా తగలబెడుతుంటారు. జోగుళాంబ గద్వాల జిల్లా చింతలకుంట జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో చదివే శ్రీజ అనే అమ్మాయికి 2020లో వేరే ఆలోచన వచ్చింది. మొక్కలు నాటేటప్పుడు చించి పారేసే నల్ల ప్లాస్టిక్ కవర్లు మట్టిలో ఎంతకూ కరగవని ఆమె గమనించింది. వాటికి బదులుగా పల్లి తొక్కను మిక్సీలో పొడి చేసి, ముద్ద చేసి కుండీలు చేసింది. ఈ కుండీని మొక్కతో సహా పాతేయొచ్చు. మట్టిలో కలిసిపోతుంది. ఆమె గణితం మాస్టారు అండగా నిలిచారు. తర్వాత హైదరాబాద్ లోని టీ-వర్క్స్ ఇంజనీర్లు ఆ ముద్దను అచ్చులో అదిమి కుండీలు చేసే యంత్రం తయారు చేశారు. పరిశోధన అంటే పెద్ద భవనాల్లోనే జరగాలని లేదు. వంటింటి మిక్సీ దగ్గరా మొదలవుతుంది.

మీ వంటింట్లో

* వేయించక ముందే చేటలోనో, తెల్లటి పళ్లెంలోనో పోసి ఏరండి. వేయించాక రంగు తేడా తెలియదు. ముడుచుకున్నవి, నల్లబడినవి, బూజు పట్టినవి, పుచ్చినవి, మొలక వచ్చినవి తీసేయండి.

* వేయించి ఎర్రపొర తీశాక ఇంకోసారి చూడండి. లోపల రంగు మారిన పప్పు అప్పుడు బయటపడుతుంది.

* ఏరేసిన వాటిని పశువులకు, కోళ్లకు పెట్టకండి. చెత్తలో పారేయండి.

* చవగ్గా వస్తున్నాయని నూకలు, చితికిన గింజలు కొనకండి. ముందే పొడి చేసి అమ్మేదానికన్నా గింజలు కొని ఇంట్లో పొడి చేసుకోవడం మంచిది. పొడిలో ఏముందో ఎవరికి తెలుసు?

* నెలకు సరిపడా మాత్రమే కొనండి. ఒకసారి ఎండలో వేసి, చల్లారాక తడి లేని స్టీలు డబ్బాలో పోసి గట్టిగా మూత పెట్టండి. వానాకాలంలో ఫ్రిజ్ లో పెట్టుకోవచ్చు. తడి చెంచా పెట్టకండి.

* గానుగ నూనె వాడేవాళ్లు గింజలు మీరే ఏరి ఇచ్చి ఆడించుకోండి. నూనెను తేరనిచ్చి, వడగట్టి, అడుగున మిగిలిన మడ్డి వాడకుండా వదిలేయండి.

* చేదు గింజ తగిలితే మొహమాటం లేకుండా ఉమ్మేయండి. పిల్లలకూ నేర్పండి. అయితే చేదు లేనంత మాత్రాన గింజ మంచిదని కాదు, కన్నే నమ్మాలి.

ఏరిన గింజలతో: పల్లీల కారం

జొన్నరొట్టెలోకి దీనికి సాటి లేదు. కప్పు పల్లీలకు ఎనిమిది ఎండు మిరపకాయలు, ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు, చెంచా జీలకర్ర, ఉసిరికాయంతలో సగం చింతపండు, తగినంత ఉప్పు తీసుకోండి. పల్లీలు సన్నని సెగ మీద ఓపికగా వేయించి, చల్లార్చి, పొర నలిపి చెరగండి. అదే బాణలిలో మిరపకాయలు, జీలకర్ర వేయించండి. ముందు మిరపకాయలు, జీలకర్ర, ఉప్పు, చింతపండు మిక్సీలో వేసి, తర్వాత పల్లీలు, ఆఖరున వెల్లుల్లి చేర్చి బరకగా తిప్పండి. ఎక్కువ సేపు తిప్పితే నూనె వదిలి ముద్దయిపోతుంది. పది రోజులకు సరిపడా మాత్రమే చేసుకోండి.

వేడి రొట్టె మీద కాస్త నూనె రాసి ఈ కారం చల్లి పెట్టండి. ఇంట్లో వాళ్లు ఇంకో రొట్టె అడగకపోతే చూడండి!